వదిన పంపిన పొడి

ఫిబ్రవరి 3

సూదిపిల్లకి,

ఫోను చెయ్యకుండా ఈ కాగితాల గోల ఏమిటని విసుక్కోకు. ఇన్నేళ్ళు ఆ యంత్రాల పక్కన నిలబడి నా చెవులు ఏమయ్యాయో నీకు తెలియనిది కాదు. మొన్న ఫోన్లో నువ్వు అరగంట మాట్లాడావు. నాకు అందినవి రెండే ముక్కలు: పేగు కొంత కోసి తీసేశారని, మా తమ్ముడు బతికే ఉన్నాడని. ఆ రెండూ చాలనుకుని పెట్టేశాను. మిగతాదంతా నిన్న పోస్టులో నీ కార్డు వచ్చాకే తెలిసింది. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకోవచ్చు, కావలిస్తే రెండోసారీ ఏడవచ్చు.

మా కంపెనీ వ్యాను రోజూ మీ ఊరి మందుల షాపులకి వస్తుంది. డ్రైవరు నా మాట కాదనడు. హాస్పిటల్ గేటు దగ్గర నీ చేతికిచ్చి, నీ జవాబు తీసుకొస్తాడు. మంచం దగ్గర ఒక్కరినే ఉండనిస్తారని రాశావు కాబట్టి నేను వచ్చి కారిడార్లో కూర్చున్నా ఒరిగేదేమీ లేదు. పైగా ఇక్కడ సూక్ష్మజీవుల్ని పెంచే తొట్టి నిండుగా ఉంది, వదిలి రాలేను.

ఇప్పుడు అసలు సంగతి. మందుల వల్ల వాడి కడుపు జారిపోతోందనీ, బాత్రూముకీ మంచానికీ మధ్య తిరగలేక చస్తున్నాడనీ రాశావు. అవదూ మరి! చెడ్డ సూక్ష్మజీవుల్ని చంపడానికి పోసే మందు మంచివాటినీ కలిపి ఊడ్చేస్తుంది. ఖాళీ అయిన ఇంట్లో మళ్ళీ మంచివాళ్ళని కాపురం పెట్టించాలి. నేను పెంచేది వాటినే కదా. పుట్టిన ప్రతి మనిషి పేగుల్లోనూ ఉండేవే. నీలోనూ ఉన్నాయి, నాలోనూ ఉన్నాయి.

షాపులో అమ్మే పొట్లంలో చిటికెడు సరుకు, మిగతాదంతా పిండి. నీకు పంపుతున్నది ఆరబెట్టే యంత్రంలోంచి నేరుగా తీసినది. కల్తీ లేదు. మేమంతా ఇంటికి తీసుకెళ్ళేది ఇదే. డబ్బా మీద దాని పేరు నా చేత్తోనే రాశాను. లోపల బుల్లి చెంచా ఉంది. గోరువెచ్చని నీళ్ళలో పొద్దున ఒక చెంచా ఇవ్వు.

డాక్టర్లని అడగక్కర్లేదు. అడిగితే వద్దంటారు. తమ కలంతో రాయనిదేదీ వాళ్ళకి గిట్టదు.

వాణ్ణి మంచం మీద నుంచే లిఫ్టులకి వంకలు పెట్టడం మానెయ్యమను. లిఫ్టు మెకానిక్ రోగిగా వచ్చాడని తెలిస్తే పనికి పెట్టుకుంటారు.

నీ ఆడపడుచు


ఫిబ్రవరి 8

వదినకి,

మీ డబ్బా అందింది. మీ పొడి నిజంగానే పని చేసిందండీ. మూడో రోజుకే ఆయన రాత్రంతా కదలకుండా పడుకున్నారు. పొద్దున లేచి మొట్టమొదట అన్న మాట ఏమిటో తెలుసా? "ఆ రెండో లిఫ్టు తలుపు రాసుకుంటోంది, ఎవరికైనా చెప్పు" అని. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇక్కడ గది చిన్నదే కానీ శుభ్రంగా ఉంది. కర్టెన్ అంచు ఒక పక్క కుట్టు ఊడి వేలాడుతోంది. దాన్ని చూస్తూ ఊరుకోలేక సంచీలోంచి సూదీ దారం తీసి కుట్టేశాను. ఆయన నోటితో నీళ్ళూ, కాస్త సూపూ తప్ప ఏమీ తీసుకోకూడదు. అసలు తిండంతా మెడ పక్కన పెట్టిన సన్నని గొట్టంలోంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది. తెల్లటి సంచీలో, పాలలాగా ఉంటుంది. తిండికి రుచి లేదని ఆయన ఫిర్యాదు. మెడలోకి పోసేదానికి రుచేమిటండీ?

పగలు ఒక సిస్టర్ ఉంటుంది. ఆవిడ బూట్లు కిచకిచమంటాయి, అందుకని కిచకిచ సిస్టర్ అని పేరు పెట్టాం. మాట కరుకు, చెయ్యి మెత్తన. ఎవరు దేన్ని ముట్టుకున్నా "చేతులు" అంటుంది, అంతే. వెళ్ళి కడుక్కు రావాల్సిందే.

మీ పొడి అచ్చం మా షాపులో సుద్దపొడిలా ఉంది. మంచం పక్కన బల్ల మీదే కలుపుతున్నాను. వేళ్ళకి అంటుకుంటే అలవాటు చొప్పున ఉఫ్ మని ఊదేసుకుంటున్నాను. బల్ల మీద తెల్లగా ఉంటే మొన్న సిస్టర్ ఏమిటని అడిగింది. మీరు చెప్పొద్దన్నారు కదా, "సుద్దపొడి, నేను టైలర్ని" అన్నాను. నమ్మింది.

మెడ దగ్గర గొట్టం మీద అంటించిన ప్లాస్టరు అంచు లేస్తూ ఉంటుంది. లేచిన అంచు కనపడితే నా చెయ్యి ఊరుకోదని మీకు తెలుసు కదా. ఆవిడ లేనప్పుడు మెల్లగా సర్ది నొక్కుతున్నాను. ఆయనకి హాయిగా ఉందట.

మీ మేలు మరిచిపోను వదినా.

మీ సూదిపిల్ల


ఫిబ్రవరి 10

సూదిపిల్లా,

నీ ఉత్తరం చదివి తొట్టి దగ్గర నిలబడే నవ్వుకున్నాను. పక్కవాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు. మనిషికి పేగు కోసినా కర్టెన్ కుట్టడం మానవన్నమాట. ఇప్పుడు మావాడి మెడకి కూడా అంచు కుడుతున్నావా? కుట్టు కుట్టు. వాడు ఎప్పుడూ ఒక చోట కుదురుగా నిలిచే రకం కాదు, గట్టిగా కుడితే గానీ ఉండడు.

నా పిల్లలు పేరు నిలబెట్టారు, చూశావా? నాకు పిల్లల్లేరని జాలిపడేవాళ్ళతో నేను ఎప్పుడూ చెప్పేది ఇదే. ఒక్కో తొట్టిలో లెక్కకి అందనంతమందిని కంటున్నాను, ఒక్కరూ ఎదురు చెప్పరు అని. ఈ మాట మీ ఆయనకి చెప్పు, నవ్వుతాడు. నవ్వితే కుట్లు నొప్పెడతాయేమో, మెల్లగా చెప్పు.

ఇంకో వారం ఆపకు. కావాలంటే సాయంత్రం కూడా ఒక చెంచా ఇవ్వు. ఇది ఎక్కువైనా ఏమీ కాదు.

నేనే


ఫిబ్రవరి 14

వదినా,

నిన్న మధ్యాహ్నం ఆయనకి చలి మొదలైంది. మంచమంతా కదిలిపోయేంత చలి. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నేను దుప్పటి మీద దుప్పటి కప్పుతూ పోయాను. తరవాత జ్వరం. ఒళ్ళు ముట్టుకుంటే కాలిపోతోంది. సాయంత్రానికి నన్ను చూసి "ఎవరండీ" అన్నారు.

రక్తం తీసి పరీక్షకి పంపారు. ఇవాళ డాక్టరు వచ్చి, రక్తంలో సూక్ష్మజీవి దొరికిందన్నాడు. పేరు చెప్పాడు. నాకు అర్థం కాలేదని కాగితం మీద రాసిచ్చాడు. ఎంటెరోకోకస్ ఫీసియం.

ఆ పేరు నేను రోజూ పొద్దునా సాయంత్రం చూస్తున్నాను వదినా. మీ చేత్తో రాసిన డబ్బా మీద.

ఇది ఆస్పత్రుల్లో పట్టుకునే మొండి రకమంటున్నాడు. ఒకరి చేతుల నుంచి ఇంకొకరికి వస్తుందట. పోయిన నెలలో ఇదే వార్డులో ఒకాయన దీంతోనే పోయాడట. ఏ మందుకీ లొంగదు కాబట్టి ఏకంగా ఆఖరి మందు మొదలుపెట్టారు. కిచకిచ సిస్టర్ ఆ ఒకాయన్నీ చూసింది, ఈయన్నీ చూసింది. అందుకని ఆవిణ్ణి వార్డులోంచి తీసేశారు. విచారణ అంటున్నారు.

అదీ ఇదీ ఒకటేనా? మంచిదన్నారు కదా? పుట్టిన ప్రతి మనిషిలోనూ ఉంటుందన్నారు కదా? నాకు ఏమీ తోచడం లేదు. ఇవాళ పొద్దున కూడా ఒక చెంచా ఇచ్చాను. మీరు ఆపొద్దన్నారని ఇచ్చాను.

వెంటనే రాయండి. డ్రైవర్ని గేటు దగ్గరే నిలబెట్టి రాస్తున్నాను.


ఫిబ్రవరి 15

నీ ఉత్తరం అందింది.

పొడి వెంటనే ఆపెయ్యి. డబ్బా మూత తియ్యకు. పారెయ్యకు.

ఆ పేరుతో చాలా రకాలున్నాయి. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అందరూ ఒక ఇంటివాళ్ళు కారు. మా రకం ఎన్నో ఏళ్ళుగా జనం తింటున్నారు. దాని మీద ఇంతవరకూ ఏ ఫిర్యాదూ లేదు. ఆస్పత్రిలో ఉండే రకం వేరు. పరీక్ష పూర్తికాకుండా ఎవరూ ఏదీ తేల్చకూడదు.

ఈ కిందివాటికి జవాబు రాయి. పొడి ఎక్కడ కలిపావు? కలిపాక చేతులు కడుక్కున్నావా, లేదా? ప్లాస్టరు ఎన్నిసార్లు ముట్టుకున్నావు? గొట్టం మూత ఎప్పుడైనా తిప్పావా?

జ్వరం ఎంతుందో కూడా రాయి.

వాడి అక్క


ఫిబ్రవరి 17

వదినగారికి,

మీ ప్రశ్నలకి జవాబులు రాస్తున్నాను. పొడి మంచం పక్కన బల్ల మీద కలిపాను. ఆ సంగతి ఎనిమిదో తారీఖునే రాశాను, మీరు చదివి నవ్వుకున్నానన్నారు. చేతులు కడుక్కోలేదు, ఊదుకున్నాను. అదీ రాశాను. ప్లాస్టరు ఎన్నిసార్లు ముట్టుకున్నానో లెక్క లేదు. గొట్టం మూత ఒకసారి వదులైనట్టు కనిపిస్తే బిగించాను. మిషన్లో దారపుకండె వదులైతే బిగించినట్టే బిగించాను. ఇది మాత్రం ఇప్పుడే రాస్తున్నాను.

చాలా? ఇంకేమైనా ప్రశ్నలున్నాయా? పోలీసులైనా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి అడుగుతారు.

"మా రకం" అని రాశారు. "ఫిర్యాదు లేదు" అని రాశారు. మీ తమ్ముడు ఇక్కడ కళ్ళు తెరవడం లేదండీ. ఆఖరి మందు పడ్డం లేదు. రక్తం గడ్డకట్టే కణాలు పడిపోతున్నాయట, కుట్ల దగ్గర రక్తం ఊరుతోంది. వాళ్ళు గాజుగుడ్డ మారుస్తుంటే నేను చూస్తూ కూర్చుంటున్నాను. ఆ మందు ఆపితే జ్వరం చంపుతుంది, ఆపకపోతే మందు చంపుతుంది. డాక్టరు మొహం చూస్తే ఆయనకీ దారి తెలియడం లేదని తెలుస్తోంది. ఏ మందుకి లొంగుతుందో తేల్చే పరీక్ష ఒకసారి చేశారు. కుదర్లేదని మళ్ళీ మొదలుపెట్టారు. అది తేలేదాకా ఇంతేనట.

మీరు పారెయ్యొద్దన్న డబ్బా పద్నాలుగో తారీఖునే బాత్రూములో కడిగి పారేశాను. మీ ఉత్తరం తరవాత వచ్చింది. ఎందుకు పారేశానో చెప్పనా? ఆ రోజు డాక్టరు "బయటనుంచి ఏమైనా ఇస్తున్నారా" అని సూటిగా అడిగాడు. లేదన్నాను. నా మొగుడి ప్రాణం మీదికి వచ్చిన చోట నిలబడి, మీ ఉద్యోగం పోతుందేమోనని అబద్ధమాడాను. మీరేమో అక్కడ తేల్చకూడదని రాస్తున్నారు.

పొద్దున మెట్ల దగ్గర కిచకిచ సిస్టర్ కనిపించింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఎలా ఉన్నారు ఆయన" అని అడిగింది. నేను తల దించుకుని వచ్చేశాను.

నా చేతులతో నేనే పెట్టాను. మీ ప్రశ్నలన్నిటికీ అదేగా జవాబు? రాసేశాను, తీసుకోండి.


ఫిబ్రవరి 18

తల్లీ,

కోపంగా ఉన్నా ఈ ఉత్తరం పూర్తిగా చదువు. చదివి, కాగితం మడిచి, నేరుగా డాక్టరు గదిలోకి నడువు. తరవాత జన్మంతా నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు.

ముందు ఆ ప్రశ్నల సంగతి. నిన్ను నిలదీయడానికి అడగలేదు. నీ నోట ఒక్క "అవును" వినాలని అడిగాను. అవునంటే అది రక్తంలోకి వెళ్ళిన దారి నాకు తెలుస్తుంది. నా పొడే వెళ్ళిందన్న ఆశ నాకు మిగులుతుంది.

ఆశ అనే రాశాను. విను. నా తొట్టిలో పెరిగేదీ, ఆస్పత్రుల్లో తిరిగేదీ ఒకే పేరువి. కానీ ఆస్పత్రిలోది ఏళ్ళ తరబడి మందులు తిని తిని రాటుదేలింది. నాది ఎప్పుడూ మందు మొహం చూడనిది. అతి మామూలు పాత మందు, ఏ షాపులోనైనా దొరికేది, చుక్క తగిలితే చచ్చిపోతుంది. ప్రతి తొట్టికీ ఆ పరీక్ష చేసేది నేనే. రక్తంలో ఉన్నది వార్డుదైతే మావాడు చేజారినట్టే. నాదైతే బతుకుతాడు. మూడు రోజులుగా నేను కోరుకుంటున్నది ఒక్కటే. ఆ పాపం నాదే కావాలని. ఇలాంటి కోరిక మనిషికి ఒకటి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

మరి పదిహేనో తారీఖున అలా బండరాయిలా ఎందుకు రాశానంటే, భయపడ్డాను. అది రక్తంలోకి వెళ్తే ఏం చేస్తుందో నాకు తెలుసు. పేగులో ఉన్నంతసేపూ అది బుద్ధిమంతురాలే. గొట్టం పక్కన, పేగు కోసిన మనిషి దగ్గర ఆ డబ్బా మూత కూడా తియ్యకూడదు. అది నీకు తెలియాల్సింది కాదు, నాకు తెలియాల్సింది. నువ్వు ఊదుకుంటున్నానని రాశావు, ప్లాస్టరు నొక్కుతున్నానని రాశావు. నేను కుట్టు కుట్టు అని హాస్యాలాడాను. నా పని తెలిసినవాళ్ళెవరైనా ఆ వాక్యం దగ్గర ఆగి కేక పెట్టాలి. నేను నవ్వాను. నీ వేళ్ళకి పొడి అంటించింది నేను. నోరు నొక్కింది కూడా నేనే, డాక్టర్ని అడగొద్దని.

నువ్వు డబ్బా పారేశావు కాబట్టి పోల్చడానికి అక్కడేమీ లేదు. అందుకని పొద్దున మేనేజరు దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పి, తల్లి సీసా ఒకటి ఇమ్మన్నాను. అన్ని తొట్లకీ మొలక అందులోంచే తీస్తాం. "పేరు ఒకటే అయితే మనదే అని ఎలా అంటావు? నోరు తెరవకు" అన్నాడు. పదిహేనో తారీఖున నేను నీకు రాసిన మాటే. ఆయన నోట వింటే తల కొట్టేసినట్టయింది. ఇవ్వనన్నాడు. తాళం నా దగ్గరే ఉంటుంది. తీసుకున్నాను.

మంచు పెట్టెలో పెట్టి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. దాని మందుల పరీక్ష కాగితాలు కూడా అడుగున ఉన్నాయి. అవి చూస్తే డాక్టరు పాత మందు మొదలుపెట్టడానికి ధైర్యం చేస్తాడు. నా పేరూ, కంపెనీ పేరూ దాచకు. ఆ సిస్టర్ చేతుల్లో ఏ తప్పూ లేదని కూడా చెప్పు.

నేను రాలేను. రావడానికి కాళ్ళు లాగుతున్నాయి. కానీ నా గోళ్ళ సందుల్లో, జుట్టులో, బట్టల్లో అంతా అదే ఉంటుంది. వాడు ఈ స్థితిలో ఉండగా వాడి దగ్గరికి రాకూడని మనిషి లోకంలో ఒకరుంటే అది నేనే. వాణ్ణి ఎత్తుకుని పెంచిన దాన్ని.

తొందరగా వెళ్ళు.

అక్క


ఫిబ్రవరి 21

వదినా,

మీదే.

ఈ మాట ముందు రాసేయాలని రాశాను. మిగతాది ఇప్పుడు రాస్తాను. మీదే వదినా, మీ పొడే, మీ తొట్టిలోదే.

మీ ఉత్తరం గేటు దగ్గరే చదివాను. నడవమన్నారు, పరిగెత్తాను. డాక్టరు ఏదో రాసుకుంటున్నాడు. మంచు పెట్టె ఆయన బల్ల మీద పెట్టి, పెట్టిన చేత్తోనే నా నోరు నేను మూసుకుని ఏడ్చాను. తరవాత అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "అడిగిన రోజే చెప్పి ఉంటే" అని, మధ్యలో ఆపేసి, కాగితాలు తీసుకుని లేచాడు.

అప్పటికే మీ తమ్ముడి రక్తంలోది రెండోసారి పెంచుతున్నారు. దాన్నీ, మీ సీసాలోదాన్నీ పక్కపక్కన పెట్టి మందులు వేసి చూశారు. రెండూ ఒకేలా చచ్చాయట. పూర్తి పోలిక పరీక్ష ఇంకా రావాలి కానీ, డాక్టరుకి ఇక సందేహం లేదు. ఆఖరి మందు ఆపేశారు. మీరు చెప్పిన ఆ పాత మందు ఎక్కించారు. మెడలో గొట్టం తీసేసి, చేతికి వేరేది పెట్టారు. నిన్న సాయంత్రం జ్వరం దిగింది. కుట్ల దగ్గర రక్తం ఊరడం తగ్గింది.

డాక్టరు వచ్చి "మీ పొడిదే" అనగానే నేను నవ్వానండీ. మొగుడి రక్తంలో విషం నువ్వే కలిపావని చెబితే నవ్విన ఆడది నేనొక్కదాన్నే అయి ఉంటాను. "అమ్మయ్య" అని పైకే అన్నాను. తరవాత బాత్రూములోకి వెళ్ళి అద్దంలో నా మొహం చూసుకోలేకపోయాను.

ఆయన పొద్దున కళ్ళు తెరిచి కాసేపు విన్నారు. "ఆ లిఫ్టు తలుపు ఇంకా బాగు చెయ్యలేదా" అన్నారు. సంగతంతా చెప్పాను, ఏదీ దాచలేదు. "మీ ఇద్దరి మధ్య పడితే ఇంతే" అని మళ్ళీ పడుకున్నారు. కోపమో హాస్యమో తెలియలేదు.

మిమ్మల్ని అన్న మాటలు వెనక్కి తీసుకునే దారి లేదు. ఉత్తరంలో రాసేశాను. చించెయ్యండి.

సిస్టర్ సంగతి కూడా డాక్టరుకి చెప్పాను. కానీ ఆవిడకి నేను చెప్పలేదు ఇంకా. ధైర్యం చాలడం లేదు.

మీ సూదిపిల్ల


ఫిబ్రవరి 23

సూదిపిల్లా,

నీ ఉత్తరంలో మొదటి మాట దగ్గరే కూలబడి చాలాసేపు ఏడ్చాను. వ్యాను డ్రైవరు పాపం, నా తమ్ముడు పోయాడనుకుని టోపీ తీసి నిలబడ్డాడు. కాదని చెప్పి ఆ టోపీ మళ్ళీ పెట్టించాను.

నీ ఉత్తరాలేవీ చించను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

కంపెనీ వాళ్ళు నన్ను ఇంటి దగ్గర ఉండమన్నారు. తాళాలు అప్పగించాను. నీ అబద్ధం కాపాడాలనుకున్న ఉద్యోగం నా దొంగతనంతో పోయింది, చూశావా. నువ్వు దాని గురించి బాధపడకు. నాకు అసలు తొట్టి దగ్గర చెయ్యి పెట్టాలని లేదు. ఇన్నేళ్ళు ప్రాణంలా పెంచినదాని పేరెత్తితే ఇప్పుడు అక్కడి నుంచి లేచిపోతున్నాను. దాని తప్పేమీ లేదు. దాని స్వభావం అది మార్చుకోలేదు. చేర్చకూడని చోటికి చేర్చింది నేను. అయినా లేచిపోతున్నాను.

గోళ్ళు మొదలంటా కత్తిరించుకున్నాను. బట్టలన్నీ ఉడకబెట్టాను. డాక్టరు రావచ్చని అన్నరోజు కబురు చెయ్యి. వస్తాను. తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోతాను.

ఆ సిస్టర్ దగ్గరికి వెళ్ళు. డాక్టరు చెప్పాడు కదా అని ఊరుకోకు. నేను పదిహేనో తారీఖున ఊరుకుందామనుకున్నాను. దాని ఖరీదు వాడి కుట్ల దగ్గర చూశావు.

అక్క


ఫిబ్రవరి 27

వదినా,

వెళ్ళాను. నిన్న నేను వెళ్ళేసరికి ఆవిణ్ణి కింద అంతస్తులో, బట్టలుంచే గదిలో పెట్టారు. ఉతికి వచ్చిన దుప్పట్లు మడతలు వేస్తోంది. అక్కడా చేతులకి తొడుగులు వేసుకునే ఉంది. నన్ను చూసి కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. డబ్బా, మీరు, నేను, ప్లాస్టరు, కడిగి పారెయ్యడం అన్నీ.

చివరిదాకా వింది. విని, "సుద్దపొడి అన్నారు నాతో" అంది.

అవునన్నాను.

ఆవిడ ఒక దుప్పటి మడత పెట్టి, అంచులు కలవలేదని మళ్ళీ విప్పింది. "నా చేతులే అనుకున్నానండీ" అంది. "ఎక్కడో కడుక్కోవడం మరిచిపోయి ఉంటానని. ఆ పోయినాయన కూడా నా వల్లే పోయాడేమోనని. ఇంట్లో నా కూతురికి ఏడాది నిండలేదు. వార్డులోంచి తీసేసిన రోజు నుంచీ దాన్ని ఎత్తుకోలేదు. మా అమ్మ చేత పాలు పట్టించి నేను గుమ్మం దగ్గర కూర్చుంటున్నాను. అది చేతులు చాస్తుంది."

వదినా, ఇన్నాళ్ళూ మనిద్దరం నీదా నాదా అని ఉత్తరాలు రాసుకున్నాం. నేను నాదే అని ఏడ్చాను, మీరు మీదే కావాలని మొక్కుకున్నారు. ఇక్కడ ఏ తప్పూ లేని మనిషి అదంతా తన మీద వేసుకుని, బిడ్డని ముట్టుకోకుండా కూర్చుంది. ఆ సంగతి మనకి తట్టనే లేదు.

కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి జరిగింది. "పైకి వెళ్ళండి, ఆయన ఒక్కరే ఉంటారు" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఎలా అడుగుతాను? మెట్లెక్కుతుంటే వెనకాల కిచకిచమని వినిపించింది. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ గేటు వైపు పరిగెత్తుతోంది. డ్యూటీ ఇంకా అవలేదు. ఇంటికే వెళ్ళి ఉంటుంది.

ఇవాళ మళ్ళీ వార్డులో వేశారు. మాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఈయన "సిస్టర్, ఆ లిఫ్టు" అని మొదలుపెడితే కూడా నవ్వలేదు.

మధ్యాహ్నం ఈయన చెయ్యి కదిపేసరికి, కొత్త గొట్టం మీద ప్లాస్టరు అంచు లేచింది. చిన్న అంచే, గోరంత. నా వేళ్ళు వాటంతటవే ముందుకి వెళ్ళాయి. నేను వాటిని వెనక్కి లాక్కుని, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, "సిస్టర్" అని పిలిచాను. ఆవిడ వచ్చింది. పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. నాకు చూపించడానికి కడుక్కుందో, అలవాటుగా కడుక్కుందో తెలియదు. వచ్చి ప్లాస్టరు మార్చి, వెళ్ళబోతూ ఆగి, నా చేతుల కేసి చూసింది. అవి ఇంకా వీపు వెనకే ఉన్నాయి.

"పొద్దున పాప నా దగ్గరే పాలు తాగింది" అంది. అని వెళ్ళిపోయింది.

మిమ్మల్ని ఎల్లుండి రమ్మన్నారు డాక్టరు. తలుపు దగ్గర నిలబడక్కర్లేదట, ఆ పూటకి ఇద్దరినీ లోపలికి రానిస్తారట. పంపు తలుపు పక్కనే ఉంది. వచ్చాక ఇద్దరం కలిసి కడుక్కుని లోపలికి వెళ్దాం.

మీ సూదిపిల్ల